నడక మనిషి

"పని తేలిక చేశాను. కూలి తగ్గించలేదు. ఒక్కొక్కడికి ఒక్కటే పని ఇచ్చాను, అదీ వాడికి బాగా చేతనైన పని. అయినా వాళ్ళ మనసు పని మీద ఎందుకు లేదు, గురువుగారూ?"

ఈ మాట అడిగినవాడు అచ్యుతరామయ్య. ఏటి ఒడ్డున ఉన్న ఒక చిన్న జమీకి ఆయన పేష్కారు. అంటే జమీందారు పేరు మీద పనులన్నీ నడిపించే మనిషి. అడిగింది పరదేశయ్యగారిని. పరదేశయ్యగారు వయసులో పడవ నడిపి, ఆ తరువాత ఎక్కడెక్కడో తిరిగి, చివరకు గట్టు దిగువన ఒక తాటాకు పాకలో కుదురుకున్నారు. వేదాంతి అని పేరే గాని, ఆయన నోట వేదాంతం విన్నవాళ్ళు తక్కువ. అడిగినదానికి నేరుగా జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఏదో ఒక పని పురమాయిస్తారు. అది చేసి వచ్చాక, ఇంకా అడగాలనిపిస్తే అడగమంటారు. చాలామంది రెండోసారి అడగలేదు. ఈ సంగతి మా వైపు రెండు మూడు రకాలుగా చెప్పుకుంటారు. నేను చెప్పేది ఇందులో వచ్చే మంగాయమ్మగారి మనవడు, ముసలివాడయ్యాక, నాకు చెప్పిన తీరు.

ఆ రోజు గురువుగారు ముందు సంగతంతా వివరంగా చెప్పమన్నారు. అచ్యుతరామయ్య చెప్పాడు.

ఆ జమీలో అన్నిటికంటే పెద్ద బాధ్యత ఏటి గట్టు. నాలుగు మైళ్ళ మట్టికట్ట; దాని వెనక ఏడు ఊళ్ళు. వరద వచ్చినప్పుడు ఏటి నీరు ఆ ఊళ్ళ ఇళ్ళ చూరులకన్నా ఎత్తున పారుతుంది. మధ్యన అడ్డం ఉన్నది ఆ మట్టి ఒక్కటే. తాతల నాటి నుంచి గట్టును పదహారు ముక్కలుగా పంచి, ముక్కకొక కుటుంబాన్ని పెట్టారు. గడ్డి కోసుకోవడం, పశువులు ఎక్కకుండా చూడడం, ఎలుక బొరియలూ పీత కన్నాలూ వెతికి పూడ్చడం, వర్షాకాలంలో కాపలా కాయడం, అంతా ఆ ఇంటివాళ్ళదే. ఇది పల్లయ్య గట్టు, అది మంగాయమ్మ గట్టు అని ఊళ్ళో పిలిచేవాళ్ళు. ఒకరి ముక్కలో మరొకరి మేక మేస్తే తగువులు కచేరీ దాకా వచ్చేవి.

అయితే ఆ ఏర్పాటులో ఒక లోపం ఉంది. దాన్ని అచ్యుతరామయ్య కళ్ళారా చూశాడు. మూడేళ్ళ క్రితం, ఆయన ఇంకా కచేరీలో చిన్న గుమాస్తాగా ఉన్నప్పుడు, సన్నెయ్య అనే కాపలాదారు వర్షాకాలం మొదట్లో చలిజ్వరంతో మంచం పట్టాడు. ముక్క చేజారిపోతుందేమోనని ఆ ఇల్లాలు ఎవరికీ చెప్పలేదు. ఆ ముక్కలోనే గండి పడింది. పడవ మీద వెళ్ళి జనాన్ని ఒడ్డుకు చేర్చినవాళ్ళలో అచ్యుతరామయ్య ఒకడు. ఒక ఇంట్లో అటక మీది నుంచి ఒక తల్లిని దింపారు. ఆవిడ ఎత్తుకున్న బిడ్డ ప్రాణంతో లేదని ఆవిడకు ఒడ్డుకు వచ్చేదాకా తెలియదు. పడవలో ఆవిడకు ఎదురుగా కూర్చున్నవాడు ఆయనే. తెలిసీ చెప్పలేకపోయాడు. పేష్కారు పని చేతికి వచ్చిన రోజునే నిశ్చయించుకున్నాడు: ఒక్క మనిషి జ్వరం మీద ఏడు ఊళ్ళ ప్రాణాలు ఆధారపడకూడదు.

అందుకని ముక్కలు తీసేశాడు. గట్టు పొడవునా అంకెలు చెక్కిన పదహారు రాళ్ళు పాతించాడు. పనిని నాలుగు పాయలు చేశాడు. నడక మనుషులు గట్టు మీద నడుస్తారు, చూస్తారు, చూసినది కబురు మనిషికి చెబుతారు. అంతవరకే వాళ్ళ పని. కబురు మనిషి ఆ కబురు కచేరీకి చేరుస్తాడు. కచేరీ నుంచి హుకుం వస్తే మట్టి మనుషులు మట్టి తవ్వి మోస్తారు. వాళ్ళు పోసిన మట్టిని దిమ్మిస మనుషులు కొట్టి గట్టిచేస్తారు. ఎవరూ ఒకేచోట పాతుకుపోకుండా నడక మనుషుల చోటు రోజూ మారుతుంది. ఎవడికి జ్వరం వచ్చినా ఇంకొకడు వాడి చోట నిలబడవచ్చు. ఒకడి తప్పు ఊరిని ముంచదు.

ఏడాది గడిచింది. చూపుకు గట్టు అంత అందంగా ఎన్నడూ లేదు. జమీందారు గుర్రం మీద వచ్చి చూసి మెచ్చుకుని వెళ్ళాడు. కాని మనుషులు మారిపోయారు. పొద్దెక్కి వస్తున్నారు. చెప్పిన పని చేస్తున్నారు, చెప్పనిది ఒక్కటీ చేయడం లేదు. మొదటి నెలలో నడక మనుషులు కచేరీకి వచ్చి, ఫలానా చోట చెప్పిన కన్నం పూడ్చారా అని అడిగేవాళ్ళు. అది మీరు పట్టించుకోనక్కరలేదని, ఆ బరువు నాకు వదిలేయండని ఆయన మంచిగానే చెప్పి పంపేవాడు. తరువాత ఎవరూ అడగలేదు. ఒకప్పుడు తన ముక్కలో గడ్డిపరక తొక్కితే కయ్యానికి వచ్చే పల్లయ్య ఇప్పుడు మోకాళ్ళ మధ్య దిమ్మిస పెట్టుకుని, పిలిచేదాకా ఎటూ చూడకుండా కూర్చుంటున్నాడు. తిట్టి చూశాడు, జరిమానా వేసి చూశాడు, పండక్కి పంచెలు పెట్టి చూశాడు. పంచెలు తీసుకుని దండం పెట్టారు. అంతే.

"రేపటి నుంచి మూడు రోజులు నువ్వు నడక మనిషిగా ఉండు," అన్నారు పరదేశయ్యగారు. "నువ్వు పెట్టిన నియమం నువ్వు దాటకు. ఆ తరువాత రా."

అచ్యుతరామయ్యకు అది చాలా చిన్న పనిగా తోచింది. తన కుర్చీలో గుమాస్తాను కూర్చోబెట్టాడు. తనను ఈ మూడు రోజులు పేష్కారుగా చూడవద్దని గట్టు మనుషులందరికీ చెప్పాడు. వాళ్ళు సరేనన్నారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు.

మొదటి రోజు తొమ్మిదో రాయి నుంచి పన్నెండో రాయి దాకా ఆయన నడక. ఆకాశం మబ్బు పట్టి ఉంది గాని వాన లేదు. చేతికర్రతో గడ్డి ఎడం చేసి చూసుకుంటూ నడవడం మొదట ఆయనకు హాయిగానే ఉంది. మధ్యాహ్నం వేళ పదకొండో రాయి దగ్గర, ఊరి వైపు వాలులో, గట్టు పాదానికి కొంచెం పైన, ఒక అరచేయంత మేర నేల తడిసి కనిపించింది. వంగి చూశాడు. గడ్డి వేళ్ళ మధ్య నుంచి సన్నగా, దారంలా నీరు దిగుతోంది. తేటగానే ఉంది. వేలు పెట్టి చూశాడు. ఏటి నీటి చల్లదనం.

లేచి కబురు మనిషి కోసం చూశాడు. కబురు మనిషి పేరు సోములు. పదకొండో రాయి దగ్గర ఊట ఉందని చెప్పాడు. సోములు ఆ మాట రెండుసార్లు తనలో తాను అనుకుని కచేరీ వైపు వెళ్ళాడు. అచ్యుతరామయ్య నడక సాగించాడు. పన్నెండో రాయి చేరి వెనక్కి తిరిగి వచ్చేసరికి సోములు తిరిగి వస్తూ కనిపించాడు. చెప్పావా అని అడిగితే చెప్పానన్నాడు. ఏమన్నారని అడిగితే, అది నాకు చెప్పరండి అన్నాడు. నిజమే. చెప్పనక్కరలేదని ఏర్పాటు చేసింది తనే.

పొద్దు వాలేదాకా ఆ చోటికి ఎవరూ రాలేదు. రేపు వస్తారేమో. లేక ఊట చిన్నదే కాబట్టి అక్కరలేదని గుమాస్తా అనుకున్నాడేమో. లేక కబురు కాగితాల మధ్యన ఎక్కడో ఆగిపోయిందేమో. ఇంతకుముందు ఆయన కుర్చీలో కూర్చుని ఇలాంటి కబుర్లు రోజుకు పది వినేవాడు. పదిట్లో ఒకటి ముఖ్యమైనది అయ్యేది. విన్న తరువాత ఏం చేయాలో ఆయన చేతిలో ఉండేది. ఇప్పుడు చూసింది తన కళ్ళే అయినా, ఆ చూపు తన దగ్గరి నుంచి వెళ్ళిపోయింది. అది ఎక్కడ ఉందో తెలియదు. నడక వేళ అయిపోయిందని సోములు వచ్చి చెబితే ఇంటికి వెళ్ళాడు.

మరునాడు తెల్లవారేసరికి ఏరు ఎర్రబడింది. ఎగువన ఎక్కడో కుండపోతగా కురిసి ఉండాలి. నీరు చప్పుడు లేకుండా లేస్తోంది. ఒడ్డున రెల్లు దుబ్బులు ఒకటొకటిగా కనిపించకుండా పోతున్నాయి. నడక మనుషుల చోట్లు మారాయి. ఆ రోజు ఆయనకు వచ్చింది ఒకటో రాయి నుంచి నాలుగో రాయి దాకా. పదకొండో రాయికి దాదాపు రెండు మైళ్ళ దూరం.

ఆయన నడిచాడు. ఒకటో రాయి నుంచి నాలుగో రాయికి, మళ్ళీ ఒకటికి. కళ్ళు ఇక్కడి గడ్డి మీద ఉన్నాయి గాని ఆయనకు కనిపిస్తున్నది అక్కడి గడ్డి. కాలి కింద ఎక్కడ మెత్తగా తగిలినా వంగి చేత్తో తడిమి చూస్తున్నాడు. తనకు పెట్టిన హద్దు దాటి వెళ్ళి చూడాలని రెండుసార్లు అనుకున్నాడు. రెండుసార్లూ, తన చోటు వదిలితే ఇక్కడ ఏమవుతుందోనని ఆగాడు. జాము పొద్దెక్కాక, పదకొండో రాయి వైపు నడక ముగించి భోజనానికి పోతున్న వీర్రాజు ఎదురయ్యాడు. అచ్యుతరామయ్య అతన్ని ఆపి అక్కడ ఎలా ఉందని అడిగాడు. చెమ్మ ఉందండి, సోములుకి చెప్పేశాను అన్నాడు వీర్రాజు.

"నీరు తేటగా వస్తోందా, మట్టితో వస్తోందా?"

"అది చెప్పమని ఎవరూ అనలేదండి," అన్నాడు వీర్రాజు. ఆ మాటలో పొగరు లేదు. ఏమీ లేదు.

తేటనీరు కారితే గట్టు చెమర్చింది అనుకోవచ్చు. మట్టినీరు కారితే గట్టు లోపలి నుంచి కరిగి పోతోందన్నమాట. ఇది గట్టు మీద పుట్టిన ప్రతివాడికీ తెలుసు. వీర్రాజుకూ తెలుసు. అచ్యుతరామయ్యకు అప్పుడు కలిగిన భయం ఏటిని చూసి కలిగినది కాదని మంగాయమ్మగారి మనవడు అన్నాడు. వీర్రాజు ముఖం చూసి కలిగిందట.

ఆయన తన చోటు వదిలి పరుగెత్తాడు. పంచె కాళ్ళకు చుట్టుకుంటే విప్పి భుజాన వేసుకుని, గోచీతో పరుగెత్తాడు. కుడి చేతి వైపు ఏరు గట్టు అంచుకు రెండు జానెల కింది దాకా వచ్చేసింది. ఒక తాటి దూలం, ఒక కోళ్ళగూడు, చచ్చిన లేగదూడ ఆయన పరుగుకన్నా వేగంగా కొట్టుకుపోతున్నాయి. ఎడమ చేతి వైపు, చాలా కింద, ఊళ్ళల్లో పొయ్యిల పొగ లేస్తోంది.

పదకొండో రాయి దగ్గర అరచేయంత చెమ్మ ఇప్పుడు చాటంత బుంగ. దాని నోట్లో నుంచి ఎర్రనీరు కుతకుతలాడుతూ వస్తోంది. ఎసరు పొంగినట్టు, ఆగి ఆగి, లోపల ఎవరో ఊపిరి తీస్తున్నట్టు. బుంగ చుట్టూ సన్నటి ఇసుక కుప్ప పడింది. ఆ ఇసుక గట్టు కడుపులోది.

పాతిక అడుగుల దూరంలో, గట్టు పాదాన ఉన్న ఒక పాత పాక చూరు కింద, పల్లయ్యా మరి ముగ్గురు దిమ్మిస మనుషులు కూర్చుని ఉన్నారు. అవతల మట్టి తవ్వే గుంట దగ్గర తట్టలు బోర్లించుకుని మట్టి మనుషులు ఆరుగురు. అందరూ లేచి నిలబడ్డారు. ఎవరూ కదలలేదు. మట్టి పోయనిదే కొట్టడానికి దిమ్మిస మనుషులకు ఏమీ లేదు. హుకుం రానిదే మట్టి మనుషులు తవ్వరు. హుకుం కోసం సోములు వెళ్ళాడన్నారు. అంతలో సోములే రొప్పుకుంటూ వచ్చాడు. అచ్యుతరామయ్య ఎదుట నిలబడి, చేతులు కట్టుకుని, రోజూ చెప్పే గొంతుతోనే చెప్పాడు.

"వరద రోజుల్లో మట్టి గుంట తెరవాలంటే పేష్కారుగారి చేవ్రాలు ఉండాలని గుమాస్తాగారు చెప్పారండి. పేష్కారుగారు కచేరీలో లేరండి."

ఎవరూ నవ్వలేదు. తనను పేష్కారుగా చూడవద్దని తనే చెప్పాడు, వాళ్ళు చూడలేదు. గురువుగారికి ఇచ్చిన మాట అక్కడే వదిలేసి, నేనే పేష్కారును, నేను చెబుతున్నాను, తవ్వండి అన్నాడు. వెంటనే తవ్వారు. తట్టలు కదిలాయి. బుంగ మూయమన్నాడు. మూశారు. దిమ్మిస వేయమన్నాడు. వేశారు. నాలుగు దెబ్బలకు నీరు ఆగిపోయింది. ఆయన ఊపిరి పీల్చుకునేలోపల, రెండు బారల అవతల గడ్డి దుబ్బు ఒకటి దానంతట అదే పైకి లేచింది. దాని కింద నుంచి ముందుకన్నా లావుగా ఎర్రనీరు ఎగదన్నింది.

కాళ్ళ కింద గట్టు వణికింది. అది అందరికీ తెలిసింది. మట్టి మనుషుల్లో ఒకడు తట్ట కింద పడేసి, పిల్లలు, పిల్లలు అంటూ ఊరి వైపు దిగి పరుగు తీశాడు. అతన్ని ఎవరూ కేక వేయలేదు. మిగిలినవాళ్ళు అచ్యుతరామయ్య ముఖం వైపు చూస్తున్నారు. ఏం చెప్పినా చేయడానికి సిద్ధంగా ఉన్నారు.  కుర్చీ, చేవ్రాలు, హుకుం అన్నీ ఇప్పుడు అక్కడే ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కదానికీ ఈ బుంగను ఏం చేయాలో తెలియదు. అటక మీది నుంచి దింపిన ఆ తల్లి ఆయనకు గుర్తుకు వచ్చింది.

"మూయకండి బాబూ," అంది వెనక నుంచి ఒక ముసలి గొంతు. "మూస్తే ఇంకోచోట లేస్తుంది."

మంగాయమ్మ. నలభై ఏళ్ళు ఆ ముక్క వాళ్ళ ఇంటిది. భర్త పోయాడు, కొడుకును మట్టి మనిషిగా ఒకటో రాయి వైపు వేశారు. గట్టు పాదాన ఆ పాత పాకలో ఆవిడ ఒక్కతే ఉంటోంది. ఆ చెమ్మను ఆవిడ ముందురోజు పొద్దుటే చూసిందని అప్పుడు తెలిసింది. అక్కడ లోపల పాత తుమ్మ మొద్దు ఒకటి ఉందని, అది కుళ్ళి డొల్లయిందని, ప్రతి ఏడూ వర్షాలకు ముందు దాని మీద తామే బంకమట్టి వేసేవాళ్ళమని చెప్పింది. ఎందుకు చెప్పలేదని అచ్యుతరామయ్య అడిగాడు.

"ఎవరికి చెప్పను బాబూ? నా ముక్క కాదు కదా."

నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టు అంది. తరువాత ఆయన వైపు చూడడం మానేసి పల్లయ్యను పిలిచింది. బుంగలను మూయకుండా, రెంటినీ కలిపి చుట్టూ మట్టితో గుండ్రంగా కట్ట కట్టమంది. లోపల నీరు నిండనివ్వమంది. ఆ నీటి బరువే లోపలి ఊటను తొక్కిపడుతుందని, నోటి దగ్గర వరిగడ్డి పరిచి ఇసుక వేస్తే నీరు వస్తుంది గాని మట్టి రాదని చెప్పింది. పల్లయ్య రెండు మాటల్లోనే అందుకున్నాడు. తమ ముక్కలో తన నాయన ఒకసారి ఇలాగే కట్టాడన్నాడు. అయితే వట్టి మట్టి నిలవదు, గోనెలు కావాలి, గడ్డి కావాలి, గుంజలు కావాలి. ఊళ్ళోకి పోయి తెచ్చే వ్యవధి లేదు.

"నా పాక పీకండి. గోనెలూ గడ్డీ లోపలే ఉన్నాయి," అంది మంగాయమ్మ.

ఒక్క క్షణం ఎవరూ కదలలేదు. ఆవిడే వెళ్ళి చూరు పట్టుకుని లాగింది. అప్పుడు కదిలారు. ఆ తరువాత ఎవడు మట్టి మనిషో, ఎవడు దిమ్మిస మనిషో, ఎవడు కబురు మనిషో చెప్పడం కష్టం. సోములు గడ్డి మోపులు మోశాడు. గుంజలను పల్లయ్య దిమ్మిసతో నేలలోకి దించాడు. భోజనానికి పోయిన వీర్రాజు గట్టు మీద జనాన్ని చూసి వెనక్కి వచ్చి, గొంతు దాకా ఏట్లోకి దిగి, అటువైపు గట్టును కాలితో తడుముతూ, ఇక్కడ లాగుతోంది, ఇక్కడ, అని అరిచాడు. మంగాయమ్మ పాక తాటాకులను అతను చెప్పిన చోట పరిచి, మీద గోనెలతో మట్టి దింపారు. అచ్యుతరామయ్య తట్టలు మోశాడు. ఎన్ని మోశాడో ఆయనకు తెలియదు. ఒకసారి వాలు మట్టి ఒక్కసారిగా జారి పల్లయ్య నడుం దాకా కూరుకుపోయాడు. గుంజ అందించి లాగారు. లాగేటప్పుడు అతని ముఖంలో కనిపించిన భయాన్ని చూసి, ఏడాదిలో పల్లయ్య ముఖంలో ఏదైనా కనిపించడం ఇదే మొదటిసారని అచ్యుతరామయ్యకు తోచింది.

గుండ్రటి కట్ట లోపల నీరు చీలమండ దాకా వచ్చింది, మోకాలి దాకా వచ్చింది, ఇంకా పెరిగింది. ఎర్రగానే ఉంది. కట్ట ఒక పక్క ఉబ్బింది. దానికి వీపులు ఆనించి నలుగురు నిలబడ్డారు. అది తెగితే ముందు పోయేది ఆ నలుగురే. ఆ సంగతి వాళ్ళకు తెలుసు, వెళ్ళిపొమ్మంటే వెళ్ళలేదు. మిగిలినవాళ్ళు ఇంకా మట్టి వేస్తూనే ఉన్నారు. చాలాసేపటికి మంగాయమ్మ వంగి దోసిలితో ఆ నీరు ఎత్తి, వెలుతురుకేసి పట్టి చూసింది. పారబోసింది. మళ్ళీ ఎత్తింది. మూడోసారి దోసిలి అడుగున ఆవిడ అరచేతి గీతలు కనిపించాయి.

"తేటపడింది," అంది.

ఎవరూ సంతోషంతో అరవలేదు. ఉన్నచోటనే చతికిలబడ్డారు.  ఏరు ఇంకా అంచుకు జానెడు కిందనే ఉంది, చీకటి పడేలోగా తగ్గుతుందో లేదో తెలియదు. వెళ్ళమన్నా ఇక ఎవరూ వెళ్ళేలా లేరు. అచ్యుతరామయ్య పల్లయ్య పక్కన కూర్చుని, నువ్వు పొద్దుటి నుంచీ పాతిక అడుగుల దూరంలోనే ఉన్నావు కదా, ఒకసారి లేచి చూడాలనిపించలేదా అని అడిగాడు. కోపంతో అడగలేదు, కోపానికి ఆయనలో ఓపిక లేదు.

పల్లయ్య గోళ్ళలో ఇరుక్కున్న మట్టి గీక్కుంటూ చెప్పాడు.

"మొదట్లో అనిపించేదండి. లేచి వెళ్ళి ఏం చెయ్యను? నా చేతిలో ఉన్నది దిమ్మిస ఒక్కటే. చూసి ఏమీ చెయ్యలేకపోవడం కన్నా చూడకుండా ఉండడమే నయమనిపించిందండి. అలా అనుకోకపోతే ఇక్కడ పని చెయ్యలేం."

సాయంత్రానికి నీరు తీయడం మొదలుపెట్టింది. గట్టు పదకొండో రాయి దగ్గర మూరెడు మేర కుంగింది గాని నిలిచింది. ఆ వర్షాకాలం తరువాత అచ్యుతరామయ్య చేసిన మార్పు ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసినదే. ముక్కలు మళ్ళీ ఇళ్ళకు ఇచ్చాడు. అయితే ముక్కకు ఒక ఇల్లు కాక రెండేసి ఇళ్ళను జోడించాడు, ఒక ఇంట జ్వరం వస్తే రెండో ఇల్లు చూసుకునేలా. బుంగ కనిపిస్తే ఎవరైనా, ఎవరినీ అడగకుండా, మట్టి గుంట తెరవవచ్చన్నాడు. మంగాయమ్మకు పాక కట్టించాడు. ఆవిడ కొడుకును వెనక్కి రప్పించి ఆ ముక్కలోనే పెట్టాడు. జంట ఇళ్ళ మధ్య తగువులు వచ్చాయి, కచేరీలో పని పెరిగింది, గట్టు మునుపటంత నున్నగా ఎప్పుడూ కనిపించలేదు. జమీందారు మళ్ళీ మెచ్చుకున్న దాఖలా కూడా లేదు. ఇదంతా నెమ్మదిగా, రెండేళ్ళ మీద జరిగింది.

ఆ మార్పులేవీ చేయకముందు, వరద తీసిన మరునాడు పొద్దున, ఆయన పరదేశయ్యగారి పాకకు వెళ్ళాడు. చేతులు పొక్కులెక్కి ఉన్నాయి. మూడో రోజు నడక ఇంకా మిగిలి ఉందని, మధ్యలో మాట తప్పానని ముందే ఒప్పుకున్నాడు. తరువాత జరిగినదంతా చెప్పాడు. వీర్రాజు చెప్పినదీ, సోములు చెప్పినదీ, మంగాయమ్మ చెప్పినదీ, పల్లయ్య చెప్పినదీ ఒక్క మాట మార్చకుండా చెప్పాడు.  గురువుగారు అంతా విన్నాక ఒక్కటే అడిగారు.

"మొదటి రోజు నడక ముగించి ఇంటికి వెళ్ళావు కదా. నిద్ర పట్టిందా?"

"లేదండి. ఆ చెమ్మ ఏమైందో తెలియక తెల్లవార్లూ మెలకువగానే ఉన్నాను."



"వాళ్ళకు మాత్రం ఏడాదిగా పడుతోంది," అన్నారు పరదేశయ్యగారు. "నాకు ఆ నిద్రంటేనే భయం, అచ్యుతం."